సెలవు మాట దక్కని రెండో కోర్

ఆ రోజుల్లో, అంటే రెండువేలు దాటిన తొలి పదేళ్ళలో, తిరుపతిలో కంప్యూటర్ పని చేస్తున్నానంటే బంధువులు పాడైన సెల్‌ఫోన్లు తెచ్చి చేతిలో పెట్టేవారు. నేను అసలు చేసే పనేమిటో మా ఆవిడకే సరిగ్గా తెలియదు (చెప్పబోతే "ఊఁ" అని తిరగమోత వైపు తిరిగేది). మేము నలుగురం అలిపిరి దారిలో ఒక మేడమీది గదిలో కూర్చుని, చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు ఏరే యంత్రం తయారుచేశాం. కాయ పట్టీ మీద వస్తుంది, కెమెరా ఫొటో తీస్తుంది, లోపలి చిప్పు అది మంచిదో కుళ్ళినదో తేలుస్తుంది, ఆ తీర్పును బట్టి రేకు తలుపు కదులుతుంది. ఆ చిప్పులో రెండు కోర్లు, అంటే రెండు మెదళ్ళు. మామిడికాయల కాలం ఎండకు యంత్రం పెట్టె పెనంలా కాలిపోయేది. అందుకని పని ఆగినప్పుడల్లా రెండో కోర్‌కు కరెంటు తీసేయాలి. ఆ బాధ్యత నాది.

చెప్పుకోవడానికి చిన్న పనే. కోర్ తన పక్కనే క్యాష్ అనే చిన్న జాగా ఒకటి పెట్టుకుంటుంది. తేల్చినదంతా ముందు అందులో గబగబా రాసుకుని, వీలు చూసుకుని అసలు మెమరీకి చేరుస్తుంది. కరెంటు పోతే క్యాష్‌లో ఉన్నది గాలికి పోతుంది. కాబట్టి తీసే ముందు దాన్ని మెమరీలోకి దులిపేయాలి. నేను పద్ధతి మనిషిని, చిన్నప్పటి నుంచి డైరీ తప్పనివాణ్ణి. కోర్‌కు కూడా ఆ అలవాటు చేశాను. క్యాష్ దులిపాక "అంతా అప్పగించాను, సెలవు" అని ఒక వాక్యం రాసి మరీ ఆరిపోవాలి (ఇలాంటి ముచ్చట ఇంకే ఇంజనీరుకూ పుట్టదని మావాళ్ళు వెక్కిరించారు).

ఫ్యాక్టరీలో బిగించాక చిక్కు వచ్చింది. మధ్యాహ్నం గంట కొట్టగానే, పట్టీ మీద మిగిలిన చివరి రెండు మూడు కాయలు, కుళ్ళినవైనా సరే, మంచి కాయల తొట్టిలో పడేవి. ఫ్యాక్టరీ యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన తొట్టిలోంచి ఒక మెత్తటి కాయను తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏమప్పా ఇంజనీరూ, దీన్ని గుజ్జు సేసి నీకే తాపించాల్నా? శనివారం దాకా సూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే లారీకెత్తి మీ తిరుపతికే తోలిస్తా."

అది మా మొదటి యంత్రం. అది వెనక్కి వస్తే రెండోది ఉండదు, నలుగురం నాలుగు దిక్కులు పట్టాల్సిందే.

కోర్ రాసిన డైరీ తెరిచి చూశాను. సెలవు వాక్యం లేదు! అంటే దులపడమే జరగడం లేదన్నమాట అనుకుని మూడు రోజులు దాని వెంటపడ్డాను. ఎన్నిసార్లు పరీక్షించినా దులపడం చక్కగా జరుగుతోంది. సెలవు వాక్యం మాత్రం రావడం లేదు. శుక్రవారం మధ్యాహ్నానికి నా మీద నాకే అనుమానం వచ్చి, టీ గ్లాసు పట్టుకుని, పక్క పట్టీ దగ్గర చేత్తో కాయలు ఏరే ఆడవాళ్ళ వైపు వెళ్ళి నిలబడ్డాను.

అక్కడ మేస్త్రీ లాంటి ఆవిడను అందరూ గంపలక్క అనేవారు. గంట కొట్టారు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె తన గంపను తొట్టిలోకి దులిపి, ముచ్చటగా తుడిచి, మళ్ళీ పట్టీ కిందే పెట్టి చేతులు కడుక్కోబోయింది. ఇంకా తిరుగుతున్న పట్టీ మీంచి రెండు కాయలు దబదబా అందులో పడ్డాయి.

"ఏం పాపా, కండ్లు యాడ పెట్టుకోనుండావు?" గంపలక్క గొంతు షెడ్డంతా మోగింది. "పట్టీ ఆపకనే గంప దులిపితివే! ఈ రెండు కాయల్ని ఎవురెత్తల్ల, మీ అత్తా?"

"నేను కాలీ సేసేసినా గదక్కా..."

"కాలీ సేసినాక పడిండేది కాయ కాదా? ముందు రాకుండా ఆపల్ల, అప్పుడు దులపల్ల!"

టీ నా చొక్కా మీద ఒలికింది. నా కోర్ చేస్తున్నదీ అదే! బుద్ధిగా క్యాష్ దులిపి, ఆ తర్వాత సెలవు వాక్యం రాస్తోంది. ఆ వాక్యం అప్పుడే దులిపిన క్యాష్‌లో పడి, కరెంటుతో పాటే పోతోంది. చివరి కాయల తీర్పులదీ అదే గతి. తీర్పు అందకపోతే రేకు తలుపు కదలదు, కాయ నేరుగా మంచి తొట్టిలోకే పోతుంది. నేనేమో వాక్యం లేదు కాబట్టి దులపలేదని మూడు రోజులు వెతికాను. దులిపిన తర్వాత రాసింది కాబట్టే అది లేదు.

నాలుగు వరుసలు అటూఇటూ మార్చాను. ముందు క్యాష్‌ను మూసేయాలి. అప్పుడు ఏం రాసినా నేరుగా మెమరీకే పోతుంది. తర్వాత దులపాలి. చివరి కాయల తీర్పు, సెలవు వాక్యం రాశాకే కరెంటు తీయాలి.

శనివారం పెద్దాయన స్వయంగా చివర్లో గంపెడు కుళ్ళు కాయలు యంత్రం పట్టీ మీద పోయించి గంట కొట్టించాడు. ఒక్కటీ తప్పిపోలేదు. తెర మీద "అంతా అప్పగించాను, సెలవు" అని కనబడినప్పుడు, నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి. పెద్దాయన వంగి తొట్టి అడుగుదాకా చూసి, "పర్వాలేదప్పా, దీనికి నీకంటే బుద్ధుండాది" అని, యంత్రం కాళ్ళకు సిమెంటు పోయమని తాపీమేస్త్రీని పిలిచాడు.

ఆ ఊపులో గంపలక్క దగ్గరికి వెళ్ళి, ఛాతీ విరుచుకుని, క్యాష్ సంగతి పది నిమిషాలు వివరించాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ శ్రద్ధగా విని, "అంతేనా సారూ? దానికి మూడు దినాలా?" అంది.

ఆ తర్వాత ఉద్యోగంలో నా కింద ఎంతమంది కుర్రవాళ్ళు పనిచేశారో! అందరికీ మొదటి రోజే "ముందు ఆపు, తర్వాత దులుపు" అని నేర్పేవాణ్ణి. క్రమంగా అది 'సార్ సూత్రం' అయింది. నేనూ కాదనలేదు. రిటైరైన రోజున దాన్నే పెద్ద అక్షరాలతో గోడకు అంటించి, చప్పట్ల మధ్య నాకు శాలువా కప్పారు. బాగా గర్వంగానే కప్పుకున్నాను. ఇప్పుడు చలికాలం పొద్దున దాన్ని భుజాన వేసుకున్నప్పుడల్లా నవ్వు వస్తుంది. ఇందులో సగం గంపలక్కది. ఏ సగమో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.