ఇంటిపేరు ఊరికి ప్రయాణం

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చాను. మా మరిది సరుకు ఓడలో వంటవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా సముద్రం కబుర్లు చెప్పేవాడు. మా అత్త సగమే నమ్మేది.

ఒకరోజు అన్నం తింటూ, ప్రతి ఓడకూ వెనకవైపు ఒక ఊరి పేరు రాసి ఉంటుందని, అదే దాని సొంత రేవని చెప్పాడు.

“మీ ఓడది ఏ ఊరురా?” అంది అత్త.

“యాడో దూరదేశంలోది. మేమెవురమూ ఆ ఊరి ముఖం సూడలే. ఆ ఓడ గూడా ఆడికి ఎప్పుడూ పోలే. ఆడ రిజిస్టరు చేయించినారంతే. నడి సముద్రంలో ఏం గొడవైనా ఆ దేశం చట్టమే.”

“సూడని ఊరి పేరు ఎనకాల రాసుకోని తిరుగుతాందా? సిగ్గులేని ఓడ!”

“మన ఇంటిపేరు గూడా ఊరిదే గదమ్మా. నువ్వెప్పుడన్నా పోయినావా?”

అత్త చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. ఆ ఊరి మర్యాద, ఆ ఊరి రక్తం అంటూ రోజూ నన్ను సాధించేది ఆమే మరి. “రేపే పోదాం” అని చెయ్యి కడిగేసింది.

మరునాడు అత్త, మరిది, నేను బయల్దేరాం. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడినుంచి ఎద్దుల బండి. ఊళ్లో మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలామె వేరుశనగకాయలు ఒలుస్తోంది. అత్త కొంగు సవరించుకుని, పొగడ్త వినడానికి సిద్ధమై, మా ఇంటిపేరు చెప్పి, ఆ వంశం వాళ్లు ఎట్లాంటివాళ్లని అడిగింది.

“ఆ ఇంటోళ్లా? ఊరేగింపులో దేవుణ్ణి మోస్తా మోస్తా కిందేసి, ఆ పొద్దే పెండ్లాం బిడ్డల్తో పరారైనారంట. మా అవ్వ చెప్తాండె. దేవుని ముక్కు వంకర పోయింది. గుళ్లోనే ఉండాడు, సూసి రాపోండి. ఇంతకీ మీరెవురమ్మా?”

“దావన పోయేవాళ్లం” అంది అత్త.

గుడికి పోయి చూస్తే ఉత్సవ విగ్రహం ముక్కు నిజంగానే ఎడమకు వంగి ఉంది. మరిది నవ్వాపుకోలేక స్తంభం చాటుకు పోయాడు. పూజారి హారతి పళ్లెంతో వచ్చి, “ఎవురింటోళ్లమ్మా మీరు?” అన్నాడు. అత్త తడుముకోకుండా తన పుట్టింటి పేరు చెప్పేసింది. నేనూ పులివెందులలోని మా నాయన ఇంటిపేరు చెప్పాను. మరిదికి చెప్పుకోవడానికి ఇంకో పేరు లేదు. పూజారి లోపలికి పోయేదాకా స్తంభం చాటునుంచి బయటికి రాలేదు.

తిరుగు బండిలో అత్త ప్రసాదం కొబ్బరి నములుతూ, “ముక్కు వంకరైనా దేవుడు శానా కళగా ఉండాడు” అంది.

ఆ ఊరి రక్తం మాట మళ్లీ మా ఇంట్లో వినపడలేదు. నన్ను సాధించడానికి ఆమె వేరే కారణాలు వెతుక్కుంది. దొరికాయి కూడా.