మంగళవారం ఫోను

ఉమాకాంత్ చేసే ఉద్యోగమేమిటో సొంత అక్కకే ఇప్పటికీ తెలియదు. నల్లకుంటలో ఇరుగుపొరుగు ఎవరైనా అడిగితే, మావాడు కంప్యూటర్లు చూస్తాడంటుంది. నిజానికి అతను వాటి మొహం చూసేది తక్కువ. నారాయణగూడలో ఒక రక్తపరీక్షల ల్యాబుల సంస్థ హెడ్డాఫీసు, మూడో అంతస్తు, ఏసీ చప్పుడు తప్ప మరే చప్పుడూ లేని గది. అక్కడ కూర్చుని ముప్పైయొక్క బ్రాంచీల్లోని మూడు వందల కంప్యూటర్లలో బ్రౌజర్ ఎలా నడవాలో నిర్ణయిస్తాడు. ఏ సైటు తెరుచుకోవాలి, ఏది కూడదు, పాస్‌వర్డ్ దాచుకోనివ్వాలా వద్దా, అన్నీ అక్కణ్నుంచే. ఇక్కడ ఒక గడిలో టిక్కు పెడితే అక్కడ మూడు వందల మందికి అదే చట్టం. ఎవరి బల్ల దగ్గరికీ వెళ్లనక్కర్లేదు. ఆ సుఖమే అతని కొంప ముంచింది. పన్నెండేళ్లుగా ఎవరి బల్ల దగ్గరికీ వెళ్లలేదు.

సైట్లు ఆపేస్తాడని ఆఫీసులో అతని పేరు ‘బ్లాక్ సార్’. నలభై తొమ్మిదేళ్లు. చిక్కడపల్లిలో కిరాయి గది, మెస్సులో భోజనం, ఆదివారం ఒక పూట అక్క దగ్గర. పెళ్లి మాట ఎత్తడం అందరూ ఎప్పుడో మానేశారు. పాపం అనకండి, ఆ మాట వింటే అతనికి ఒళ్లు మంట. కానీ మనిషి ఒంటరివాడు, చెప్పొద్దూ, నిలువునా ఒంటరివాడు.

బ్రౌజర్‌లో కొత్త అమరిక, అంటే సెట్టింగ్, ఏదైనా అందరికీ పంపే ముందు ఒక్క కంప్యూటర్ మీద పెట్టి చూడటం ఆ పనిలో ఆనవాయితీ. అందుకు అతను అశోక్‌నగర్ బ్రాంచిలో రిపోర్టులు టైపు చేసే విజయశ్రీ కంప్యూటర్‌ను ఎంచుకున్నాడు. అన్నిట్లోకీ పాతది అదే. అక్కడ నడిచిందంటే ఎక్కడైనా నడుస్తుంది. మూడేళ్ల కిందట ఒక మంగళవారం అమరిక ఏదో బెడిసికొట్టి ఆమె పేజీ తెరుచుకోలేదు. పదకొండింటికి ఫోన్ చేసింది. సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. మాటలు పన్నెండు నిమిషాలు సాగాయి. వాన గురించి, బాగ్ లింగంపల్లి రోడ్డు మీద నిలిచిన నీళ్ల గురించి. మధ్యలో, తిన్నారా సార్ అని అడిగింది. ఆ మాట అక్క కాక మరో మనిషి అడిగి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు.

తర్వాతి మంగళవారం అంతా సవ్యంగా నడిచింది. ఫోన్ రాలేదు. ఆపై వారం ఉమాకాంత్ చేయకూడని పని చేశాడు. ఆమె కంప్యూటర్ ఒక్కదానికే కావాలని చిన్న మెలిక పెట్టాడు. పదకొండింటికి ఫోన్ మోగింది.

ఇంకేం, అలవాటు పడ్డాడు. ఒక వారం మొదటి పేజీ మార్చేవాడు, ఒక వారం డౌన్‌లోడ్లు ఆపేవాడు. రెండు నిమిషాల్లో పోయేవే కదా, ఎవరి పని చెడుతుంది అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. ఆ ఫోన్లలోనే విజయశ్రీ తన సంగతి చెప్పింది. తనది కాంట్రాక్టు ఉద్యోగం. సాయంత్రాలు సెంట్రల్ లైబ్రరీలో హాస్టల్ పిల్లల మధ్య కూర్చుని సర్కారు నౌకరీ పరీక్షకు చదువుతోంది. వయసు నలభై నాలుగు. ఈసారి నోటిఫికేషనే ఆఖరు, మళ్లీ వచ్చేదానికి వయసు దాటిపోతుంది. ఆఫీసులో ఎవ్వరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నానంది. వారమంతా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాడు వెర్రివాడు.

మొన్న ఒక మంగళవారం, ఆమె కంప్యూటర్‌లో కొత్త కిటికీలు, అదే విండోలు, వేరేగా తెరుచుకోకుండా బిగించాడు. పదకొండయింది, పన్నెండయింది, ఫోన్ లేదు. ఆమె సగం రోజు సెలవులో ఉందని అతనికి తెలియదు. మూడున్నరకు మేనేజర్ రాజశేఖర్ మీటింగ్ పెట్టి ఫోన్లన్నీ బయట పెట్టించాడు. ఐదుంబావుకు బయటికొచ్చి చూస్తే విజయశ్రీ నుంచి ఏడు మిస్డ్ కాల్స్. ఏడు! ఉమాకాంత్ మొహం వెలిగిపోయింది. అక్కడే వరండాలో నిలబడి ఫోన్ చేశాడు.

“ఇప్పుడేం లేదు సార్. ఐదు దాటింది,” అంది ఆమె. గొంతులో కోపమూ లేదు, ఏడుపూ లేదు.

సర్కారు నౌకరీ దరఖాస్తుకు అదే ఆఖరి రోజు, ఐదింటి దాకే గడువు. కావలసిన సర్టిఫికెట్ ఆ మధ్యాహ్నమే చేతికొచ్చింది, బ్రాంచికొచ్చి తన కంప్యూటర్‌లోనే నింపబోయింది. ఫొటో, సంతకం ఎక్కించే కిటికీ విడిగా తెరుచుకోవాలి, తెరుచుకోలేదు. నాలుగడుగుల్లో నెట్ సెంటర్ ఉంది. అయినా సారే రెండు నిమిషాల్లో చేసిపెడతారని కూర్చుంది. ఇక లాభం లేదని పరుగెత్తేసరికి అక్కడ వరుస గుమ్మం దాటి ఉంది.

ఆ రోజు ఉమాకాంత్ ఆటో ఎక్కలేదు. నారాయణగూడ నుంచి అశోక్‌నగర్ దాకా నడిచాడు. మూడేళ్లలో మొదటిసారి ఆమె బల్ల ముందు నిలబడి తన పేరు చెప్పాడు. ఆమె జుట్టు నెరిసిన, సన్నటి మనిషి. లేచి కుర్చీ జరిపింది. “మీరు పరేషాన్ గాకుండ్రి సార్, తప్పు నాదే. మిమ్మల్ని నమ్ముకొని ఆగిన,” అంది.

అది విన్నాక ఊరుకుంటే అతను మనిషే కాడు. మొత్తం చెప్పేశాడు. ఇవాళ్టిదే కాదు, మూడేళ్ల మంగళవారాలన్నీ.

 కౌంటర్ దగ్గర ఎవరో రిపోర్టు అడిగితే ఆమె తీసిచ్చి వచ్చింది. “ఎందుకు సార్?”

“మీరు ఫోన్ చేస్తరని.”

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అతని చేతిలోని ఫోన్ వంక చూసింది.

“మాట్లాడాలనుంటే మీరే చెయ్యొచ్చు గద సార్. ఫోన్ మీ దగ్గర గూడ ఉన్నది.”

మర్నాడు ఉమాకాంత్ కొత్త అమరికలు పెట్టి చూసే జాబితాలోంచి ఆమె కంప్యూటర్ తీసేశాడు, దాని స్థానంలో తనది పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె కంప్యూటర్ ఏ లోపమూ లేకుండా నడుస్తోంది. మంగళవారం పదకొండింటికి అతను ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు, ఆమె పేరు దాకా వెళ్తాడు. పదకొండుంబావుకు బల్ల మీద పెట్టేస్తాడు.