బ్రేకు మాస్టారి మొదటి క్లాసు

మా బావ డ్రైవింగ్ నేర్పుతాడు. ఆయన కారులో నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బ్రేకు, పక్కన కూర్చునే ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు. అవతలివాడు ఆలోచించేలోపే ఈయన తొక్కేస్తాడు. అందుకే అందరూ బ్రేకు మాస్టారంటారు. పనిలో గట్టివాడు, కాదనను. ఆ కాలు ఇంటికొచ్చాక కూడా ఊరుకోకపోవడమే మా అక్క ఖర్మ. అక్క స్టూలెక్కితే "చూసుకో". గిన్నె దించితే "మెల్లగా". గుమ్మం దాటితే "ఎక్కడికి, ఎప్పుడొస్తావు?"

మొన్న అక్క ఆయనకు చెప్పాపెట్టకుండా వేరే స్కూల్లో డ్రైవింగ్‌కి చేరింది. బావ కంట పడనే పడింది. నడిరోడ్డు మీద ఆ కారు ఆపించి, అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. అక్క పెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చేసింది.

"మా ఆఫీసులో ఒకావిడ ఎవరో మేడమ్ దగ్గరికి వెళ్ళి బాగుపడిందట. మీ బావను అక్కడికి వెళ్ళమను. వెళ్తే చూద్దాం. లేదంటే ఇక ఇక్కడే ఉంటాను," అని తేల్చేసింది.

నాకున్నది ఒకటిన్నర గది. మర్నాడే బావను స్కూటరెక్కించాను.

ఆ మేడమ్ మందుల షాపు పైన ఒక గదిలో, ఒక్కొక్కరితో విడిగా కూర్చుని వ్యక్తిత్వ వికాసం సెషన్లు చేస్తారు. బావకది మింగుడుపడలేదు.

"నేనే పదిమందికి నేర్పేవాణ్ణి. నాకొకరు నేర్పడమేంట్రా?" అని మెట్ల మీద సణిగాడు.

"మీ దగ్గరికొచ్చేవాళ్ళు కూడా మొదటిరోజు ఇలాగే బిగుసుకుపోతారు బావా. పదండి."

లోపల జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. మేడమ్ ఏదైనా అడగబోతే చాలు, ఈయన కుడికాలు నేలను తొక్కేదట. చివరికి టీపాయి అడ్డకర్ర మీద తొక్కాడు. అది ఈయన వైపే ఒరిగి, గ్లాసులో నీళ్ళన్నీ ఈయన ప్యాంటు మీదే పడ్డాయి.

ఆవిడ నవ్వలేదు. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి, "బ్రేకు వేసేముందు మీకేమవుతుంది?" అని అడిగారు.

"ముందున్న బండికీ మనకీ ఎంత దూరముందో చూసుకోవాలండీ..." ఈయన పాఠం అందుకున్నాడు.

"అది బండి సంగతి. మీ సంగతి చెప్పండి."

బావ ప్యాంటు తుడుచుకోవడం ఆపాడు. "భయమేస్తుందండీ," అన్నాడు.

"ఆ మాట ఎప్పుడైనా బయటికి అన్నారా?"

"భయపడేవాడి దగ్గర డ్రైవింగ్ ఎవరు నేర్చుకుంటారండీ?"

"నేను ఇంట్లో సంగతి అడుగుతున్నాను," అన్నారావిడ.

బావ గుడ్డ మడిచి టీపాయి మీద పెట్టి లేచాడు.

తడి ప్యాంటుతోనే మా ఇంటికొచ్చాడు. అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వు బయటికెళ్తే తిరిగొచ్చేదాకా నాకు ఊపిరాడదు," అన్నాడు. "ఆ రోజు నిన్ను స్టీరింగ్ ముందు చూసేసరికి చచ్చేంత భయమేసింది. అందుకే అరిచాను."

బావ నోట భయమన్న మాట నేనెప్పుడూ వినలేదు.

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆయన్ని తేరిపార చూసింది.

"భయమా? నాకేదీ చేతకాదని మీ ఉద్దేశమనుకున్నానండీ, పెళ్ళయినప్పటి నుంచీ," అంది. "నిజంగానే చేతకాదేమోనని, చెయ్యాలనుకున్నవన్నీ ఒక్కొక్కటే మానేశాను. ఈ డ్రైవింగ్ ఒక్కటే మిగిలింది."