సున్నం కొట్టిన గోడ

పడవ ఇంకా రేవుకు చేరకముందే మా ప్రార్థన మందిరం కనిపించింది. గోడలన్నీ తెల్లగా, పెళ్ళివారింటిలా మెరిసిపోతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరండీ సున్నం కొట్టింది?" అని పడవ నడిపే ఆయన్ని అడిగాను. మా పక్క పేటలో చేపలు పట్టే కుటుంబం వాళ్ళది.

"ఆడాళ్ళంతా కలిసి కొట్టారండి. నిన్న పొద్దున్నుంచీ ఒకటే హడావిడి. మా ఇంటిదాన్నీ సాయానికి పిలిచారు. బాగుంది కదండీ?" అన్నాడు సంబరంగా. బాగుందనే చెప్పాను. ఆయన తప్పేముంది పాపం.

గోదావరి మధ్యలోని ఆ లంక నేను పుట్టిన ఊరు. ఇప్పుడు ఉంటున్నది రాజమండ్రిలో. మా ప్రెస్బిటేరియన్ సంఘాలన్నిటికీ కలిపి ఒక జాతీయ కార్యాలయం ఉంది. గోదావరి జిల్లాల్లో దాని పనులు చూసే ఉద్యోగం నాది. ఉద్యోగం అన్నాను కదా అని పెద్ద హోదా అనుకునేరు. ఏ సంఘానికి పాస్టరు లేడు, ఏ మందిరం కప్పు గాలివానకి ఎగిరిపోయింది, ఏజెన్సీ కొండల్లో మేం పెట్టిన నర్సమ్మకి ఏం కావాలి అని తిరిగి తెలుసుకోవడం, తెలుసుకున్నది పైకి చెప్పడం, పైనుంచి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకు తిప్పడం, వాళ్ళ ఇంగ్లీషు వీళ్ళకీ వీళ్ళ తెలుగు వాళ్ళకీ అప్పజెప్పడం. అంతే.

మా సంఘాల్లో ఒక్కరి మాట చెల్లదు. ఊరి సంఘపెద్దలు కూర్చుని తీర్మానించాలి. చుట్టుపక్కల సంఘాల పెద్దల సభ దానికి ఒప్పుకోవాలి. ఆ తర్వాత జాతీయ కార్యాలయం నుంచి మనుషులొచ్చి కళ్ళారా చూడాలి. వాళ్ళు చూసినదాన్ని బట్టే సాయం. మంచి పద్ధతే. కాకపోతే ఈ పద్ధతి పెట్టినవాళ్ళెవరూ గోదావరి జిల్లాల్లో ఒక్క పూటయినా భోజనం చేసి ఉండరు. మా వాళ్ళ మర్యాదల సంగతి వాళ్ళకి తెలియదు.

ఆ ఏడాది సాయం ఒక్క చోటికే ఉంది. అడిగిన ఊళ్ళు చాలా ఉన్నాయి. మా లంక మందిరం ఏటి గట్టు మీద ఉంది. కట్టినప్పుడు ఏరు ఎంతో దూరంలో ఉండేదట. ఏటా గట్టు కోసుకుపోతూ, నది వచ్చి మందిరం వెనకే నిలబడింది. ఏటివైపు గోడ నేల దగ్గర్నుంచి కిటికీ దాకా విచ్చుకుంది. అందులో చెయ్యి పెడితే అవతల గాలి తగిలేది. బడివైపు మెరక మీద కొత్త మందిరం కట్టుకోవడానికి సాయం చెయ్యమని మేం అడిగాం. ఆ పగులు ఫొటో తీసి పంపింది నేనే.

మందిరం ఆదివారాలకే పరిమితమైతే నాకు అంత భయం ఉండేది కాదు. కూలికెళ్ళే తల్లులు రోజూ తమ పసిపిల్లల్ని తెచ్చి అక్కడే వదిలి వెళతారు. వాళ్ళని చూసుకునేది మా మేనత్త. మధ్యాహ్నం గంజి తాగించి, ఏటి గాలి బాగా వస్తుందని, సరిగ్గా ఆ గోడ వారనే చాపలు పరిచి పడుకోబెడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఉన్నది ఒక్క గది, ఎండాకాలం రేకుల కింద పిల్లలు ఉడికిపోతారు, నువ్వు వచ్చి విసురుతావా అని నా మీదికే వచ్చేది.

అత్త మా స్త్రీల సమాజానికి పెద్ద. సంఘపెద్దల్లో ఆడమనిషి ఆవిడ ఒక్కతే. నన్ను పెంచింది కూడా ఆవిడే. నా కోపం ఎవరి పోలికో ఊళ్ళో అందరికీ తెలుసు.

నేను వెళ్ళేసరికి మందిరం పక్కన పందిరి కింద కోడికూర ఉడుకుతోంది. ఒక మూకుట్లో గారెలు వేగుతున్నాయి. మండపేట నుంచి తెప్పించిన కుర్చీలు ఎర్ర గుడ్డలు చుట్టుకుని నిలబడ్డాయి. నేను ఎవరినీ పలకరించకుండా నేరుగా లోపలికి వెళ్ళి ఏటివైపు గోడ చూశాను. పగులు లేదు. గోనెసంచులు కుక్కి, బంకమట్టి మెత్తి, పైన సున్నం కొట్టేశారు. చెయ్యి ఆనిస్తే ఇంకా చెమ్మగా ఉంది.

"ఏమే, వచ్చీరాగానే మొహం అలా పెట్టావేంటి?" అంది అత్త వెనకనుంచి.

"ఈ పగులు ఎందుకు మూశారు?"

"చుట్టాలొస్తుంటే పగిలిన గోడ చూపించమంటావా?"

"వాళ్ళు చుట్టాలు కాదత్తా. ఆ పగులు చూడ్డానికే వస్తున్నారు!"

"మన గుమ్మం తొక్కినవాళ్ళెవరైనా చుట్టాలే. వాళ్ళు తిని, సంతోషంగా వెళితే సాయం దానంతటదే వస్తుంది. అరవకు, నూనె కాగుతోంది" అని వెళ్ళిపోయింది.

మట్టి పీకేద్దామా అనుకున్నాను. అంతలో రేవులో పడవ చప్పుడైంది. మా పాస్టరుగారు అతిథులిద్దర్నీ తీసుకొచ్చారు. ఒకాయన ఈశాన్యపు కొండల నుంచి వచ్చిన ముసలి పాస్టరుగారు. చిన్న మనిషి, మాట తక్కువ. రెండోది కార్యాలయంలో పనిచేసే అమ్మాయి, చేతిలో ఫోను దించదు. డోలక్ మోగింది. పిల్లలు పూలు చల్లారు. మందిరం నిండకపోతే బాగుండదని పక్క పేట నుంచి కూడా జనాన్ని పిలిచారు మావాళ్ళు. కొత్త చీరలు కట్టుకుని వాళ్ళూ ముచ్చటగా వచ్చి కూర్చున్నారు.

ఆ అమ్మాయి ఫోనులో నేను పంపిన ఫొటో తీసి గోడకేసి చూసింది. మళ్ళీ ఫొటో చూసింది. తర్వాత మొహం వికసించింది. "సొంతంగా బాగు చేసుకున్నారన్నమాట! చాలా బాగుంది. సంఘమంటే ఇలా తన కాళ్ళమీద తను నిలబడాలి" అంది నాతో ఇంగ్లీషులో. ఇక్కడ అవసరం తీరిపోయింది, వేరే ఊరికి ఇవ్వొచ్చు అని ఆ మాటకి అర్థం.

పాస్టరుగారిని పక్కకి లాగి చెప్పాను. ఆయన మెత్తని మనిషి. "ఇప్పుడు వద్దమ్మా. ఇంతమంది ముందు మీ అత్తగారి పరువేం కాను? వాళ్ళు వెళ్ళాక ఫోను చేసి చెబుదాం" అన్నారు. వాళ్ళు వెళ్ళాక మన మాట ఎవరు నమ్ముతారండీ అంటే, కూటానికి వేళయిందమ్మా అంటూ లోపలికి నడిచారు.

కూటం మొదలైంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, పిల్లలు ముందు, ఏటివైపు గోడ కింద. కిటికీలోంచి ఎర్రనీళ్ళు కనిపిస్తున్నాయి. శ్రావణమాసం, పైన ఎక్కడో బాగా కురిసినట్టుంది, ఏరు గట్టు అంచుని నాకుతూ పోతోంది. పిల్లలు పాట అందుకున్నారు. డోలక్ దెబ్బ పడినప్పుడల్లా నేను గోడనే చూస్తున్నాను.

ముసలాయన లేచి, మీ సంఘానికి ఏం కావాలో మీ నోటితో చెప్పండి అని అడిగారు. ఆ మాట నేను తెలుగులో చెప్పాను. అత్త లేచి, చెంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది.

"దేవుడి దయవల్ల మాకేం లోటు లేదండి. మేం అడుక్కునేవాళ్ళం కాదండి, ఇచ్చేవాళ్ళం. మా ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి పక్కన పెడతాం. అవి ఏజెన్సీ కొండల్లో సువార్త పనికి పంపిస్తాం. మీరేదైనా సాయం చేస్తే కాదనం. చెయ్యకపోయినా మాకేం కష్టం లేదండి" అంది.

ఆవిడ అన్నది అన్నట్టు చెప్పడమే నా పని. మొదటి మాట ఇంగ్లీషులో అన్నాను. బియ్యం సంగతీ చెప్పాను. ముసలాయన మొహంలో ఏదో కదిలింది. అప్పుడు చూశాను. పిల్లల తలల పైన, కొత్త సున్నం మీద, కిటికీ మూలనుంచి కిందికి ఒక గీత తేలుతోంది. మట్టి ఆరుతూ విచ్చుకుంటోందో, గోడే కదులుతోందో నాకు తెలియదు. ఒక సున్నం పెళ్ళ ఊడి ఒక పాప ఒళ్ళో పడింది. పాప దాన్ని తీసి పక్కపిల్లకి చూపించింది.

నాకు భయం వేసింది. నిజంగా వేసింది. మిగతా మాటలు చెప్పడం మానేసి, "ఈవిడ చెప్పింది నిజం కాదు. ఆ గోడ బాగవలేదు. మీరొస్తున్నారని మూశారు. రోజూ ఈ పిల్లలు దాని కిందే పడుకుంటారు" అని గబగబా ఇంగ్లీషులో అనేశాను. అత్తకి ఇంగ్లీషు రాదు. కాని నా చెయ్యి ఎటు చూపిస్తోందో చూసింది.

"నేనన్నది అది కాదు" అంది. గొంతు చిన్నదైపోయింది.

ముసలాయన గోడ దగ్గరికి వెళ్ళలేదు. ఏ ప్రశ్నా అడగలేదు. "ముందు పిల్లల్ని బయటికి పంపండి" అన్నారు. నేను తెలుగులో చెప్పేలోపే ఆడవాళ్ళు లేచి, చేతికందిన పిల్లనల్లా చంకనేసుకుని బయటికి నడిచారు. తర్వాత మగవాళ్ళు. అందరికన్నా చివర అత్త వచ్చింది, పిల్లల చాప చుట్టి పట్టుకుని.

పందిరి కింద నిలబడి ఆయన మాట్లాడారు. నేను మాట పొల్లుపోకుండా చెప్పాను. "మా ఊళ్ళోనూ ఇంతే. ఎవరైనా వస్తున్నారంటే ఉన్న ఒక్క పందినీ కోసేస్తాం. మర్నాడు ఏం తింటామో చెప్పం. మా కొండల్లో కూడా ఆడవాళ్ళు వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసి పెడతారు. మా పని నడిచేది చాలావరకు వాటి మీదే. మీ బియ్యం మీరు కొండలకి పంపినప్పుడు, తిన్నవాళ్ళని అడుక్కునేవాళ్ళు అనుకున్నారా?" అని అత్తని అడిగారు.

అత్త లేదన్నట్టు తల ఊపింది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కాని చిన్నప్పుడు దాని వెనకే ఒక దెబ్బ పడేది. ఈసారి ఏమీ పడలేదు.

భోజనాలకి విస్తళ్ళు వేశారు. నేను ఎప్పటిలా చెంగు దోపుకుని వడ్డనకి వెళ్ళబోతే, అత్త అడ్డం వచ్చి, గుడ్డ చుట్టిన కుర్చీ ఒకటి లాగి ముసలాయన పక్కన వేసింది. "కూర్చోండి. మీరు కార్యాలయం మనుషులు" అంది. నా విస్తట్లో తనే వడ్డించింది. గారెలు, కోడికూర, మంచి ముక్కలు ఏరి మరీ. "ఇంకొంచెం వేయించుకోండి. మొహమాటపడకండి." ఆ ముక్కలు విస్తట్లో అలాగే వదిలేశాను. తిట్టి ఉంటే సుఖంగా తిని ఉండేదాన్ని.

ఇప్పటికీ అడిగితే నేను అదే చెబుతాను. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అలాగే అనేస్తాను. కాని నేను చేసింది సరైన పనే అయినంత మాత్రాన నాకు ఏడుపు రాకుండా ఆగలేదు. తిరుగు పడవలో వచ్చింది. కార్యాలయం అమ్మాయి ఫోను పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

సాయం మా లంకకే వచ్చింది. మెరక మీద కొత్త మందిరం లేచింది, పక్కనే పిల్లలకో వేరే గది, చుట్టూ కిటికీలు. పని చూడ్డానికి నేను వెళ్ళినప్పుడల్లా అత్త కుర్చీ వేసేది. కొబ్బరిబోండం కొట్టించేది. ఇంట్లోకి వెళ్ళబోతే, "అయ్యో, పొయ్యి దగ్గర మీకెందుకండీ" అనేది. నన్ను పెంచిన ఇంట్లో నాకు మంచినీళ్ళు పళ్ళెంలో పెట్టి ఇచ్చేది. మందిర ప్రతిష్ఠనాడు కూడా అంతే. నన్ను పైనుంచి వచ్చినవాళ్ళతో కలిపి వరసలో కూర్చోబెట్టి దండ వేసింది. నాకు ఆ దండ తెంపి పారెయ్యాలనిపించింది.

మరుసటి వరదల్లో పాత మందిరం ఏటివైపు గోడ పడిపోయింది. పగటిపూట, పిల్లలు నిద్రపోయే వేళ. పడవాయన ఫోను చేసి చెప్పాడు. పాత మందిరంలో ఎవరూ లేరని తెలిసినా, పిల్లలంతా బాగున్నారా అని రెండుసార్లు అడిగాను. ఏరు కాస్త తీశాక వెళ్ళాను.

గట్టు దగ్గరికి వెళ్ళకుండా నేరుగా మెరక మీదికి నడిచాను. గదిలో పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. అత్త గుమ్మంలో కూర్చుని విసనకర్ర ఊపుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూలిన గోడ సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా కోసం ఎప్పుడూ వేసే కుర్చీ గోడవారన ఉంది. నేను దాంట్లో కూర్చోబోయాను.

అత్త లేచి ఆ కుర్చీ తీసి లోపల పెట్టేసింది.

"మహారాణిలా వచ్చి కూర్చుంటావేంటే? ఆ గంజి గిన్నెలు ఎవరు తోముతారు? పిల్లలు లేచే వేళయింది" అంది.

నేను చెంగు దోపుకుని, పంపు దగ్గర గిన్నెల ముందు కూలబడ్డాను. పీచు కోసం చూస్తుంటే అత్త దాన్ని వెనకనుంచి విసిరింది, నా వీపు మీద పడేటట్టు.