మోదుగాకులో మట్టి అన్నం

నేస్తమా, ఇవాళ మా అక్క కొడుకు మోదుగాకులో తడిమట్టి పెట్టి "మామా, తిను" అన్నాడు. ఆ వాసనకు మన తరిగొప్పుల అంగన్‌వాడీ గుర్తొచ్చింది.

తెలంగాణ కోసం పెద్దలు రోడ్ల మీద వంటావార్పు చేస్తూ బండ్లు ఆపుతున్న రోజులవి. మనమూ అంగన్‌వాడీ ముందు దారికడ్డంగా మూడు రాళ్లు పెట్టి మట్టి అన్నం వండాం, గుర్తుందా? తలా ఒక ఆకు వేయడం నా పని. నాకు అంకెలు పలక మీద రాలేదు, ఆ ఆకులతోనే వచ్చాయి.

అంతలో వడ్ల బస్తాలతో ట్రాక్టర్ వచ్చింది. నడిపేది ఊరంతా భయపడే కోపిష్టి తాత.

"లేవుండ్రి, తాత తిడ్తడు!" అని ఆయమ్మ అరిచింది.

"అన్నం తిన్నంకనే బండి పోవాలె," అన్నాను, ఆకులు వేస్తూనే.

తాత ఇంజన్ ఆపి, దిగి, మన వరుస చివర కూర్చున్నాడు. ఒక ఆకు తక్కువైంది. నాది ఆయనకిచ్చాను. చప్పరించి, "ఉప్పు జర తక్కువైంది, బిడ్డా" అన్నాడు.

మన ఉప్పంటే ఇసుకే కదా! అందరం ఇసుక కుప్పకు పరుగెత్తాం. తిరిగొచ్చేసరికి పొయ్యి రాళ్లు పక్కకు జరిగున్నాయి, ట్రాక్టర్ లేదు. ఆకు మాత్రం ఖాళీ. తాత నిజంగానే తిన్నాడని చాన్నాళ్లు నమ్మాను.

ఇవాళ నేనూ "ఉప్పు తక్కువైందిరా" అన్నాను. వాడు ఇసుక కోసం ఉరికాడు. వాడొచ్చేలోపు ఆకు ఖాళీ చేయాలి, ఉంటా.