మామ గడియారానికి తొట్టెల

అరవయ్యో దశకంల నేను ఆర్మూర్ల కొత్త కోడలిని. మామది పసుపు అడ్తి దుకాణం. బొంబాయి నుంచి ఖరీదైన ఆటోమేటిక్ చేతిగడియారం తెప్పించుకున్నడు. దానికి చావి ఇచ్చే పని లేదు, చెయ్యి కదిలితే చాలు నడుస్తది. మామనేమో పొద్దంత గద్దె మీద దిండుకు ఒరిగి కూసునేటోడు. గడియారం రోజూ ఆగిపోయేది.

"గడియారం మంచిగనే ఉంది సేటూ, మీరే జర కదలాలె" అన్నడట నిజామాబాద్‌ల బాగుచేసేటాయన.

మామ కదలలే. "రోజు జరసేపు దీన్ని ఊపు బిడ్డా" అని నాకిచ్చిండు. ఊపి ఊపి చెయ్యి గుంజబట్టె. ఇంట్ల ఆడబిడ్డ పిల్లల పాత తొట్టెల ఉంటే గడియారాన్ని దాంట్ల కట్టిన. పసుపు దుమ్ము పడకుండ గుడ్డ కప్పి, తాడు కాలి వేలికి చుట్టుకొని, ఊపుకుంట బియ్యం ఏరిన.

పక్కింటి ముసలమ్మ కిటికీల నుంచి చూసింది. కబురు అంకాపూర్‌ల మా అమ్మ దాక పోయింది. బాలింతకు పెట్టే కాయం గిన్నె పట్టుకొని, ఏడ్చుకుంట దిగింది.

"పెండ్లయి నాలుగు నెలలు గాలే! నలుగురికి ఏం జెప్పాలె బిడ్డా?"

వాకిట్ల వాడకట్టంత జమైంది. గప్పుడే మామ వచ్చి, గుడ్డ తీసి, గడియారం చెవికాడ పెట్టుకొని ఇని, చేతికి కట్టుకొని మల్ల దుకాణానికి పోయిండు.

అమ్మ ఉత్త తొట్టెల దిక్కు చూసింది, గిన్నె దిక్కు చూసింది. "ఎట్లన్న చేస్తి, తిను" అని కాయం నా నోట్ల పెట్టింది.

యాదికొస్తే ఇప్పటికీ సిగ్గైతది. మరుసటేడు నిజంగనే కొడుకు పుట్టిండు. తొట్టెల ఊపనీకె మామ మమ్ముల ఎవ్వర్నీ దగ్గరికి రానియ్యలే. గా గడియారం మల్ల ఆగలే.