కడిగిన డబ్బాలో బెల్లం సున్నుండ

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "పక్కన ఇంకెవరున్నారు? దీపం వెలుగుతోందా?" అని అడిగి కథ చెడగొట్టే మనిషిని నేను. దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇది రాసి ముగించాక కూడా నమ్మను. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు మెల్బోర్న్ శివారు ట్రుగనీనాలో ఒక గోదాములో సరుకు లెక్క చూసుకుంటున్నాను.

ఆ రోజు మా అమ్మాయి నిత్యను యూనివర్సిటీలో చేర్చడానికి మెల్బోర్న్ నుంచి అడిలైడ్ దగ్గరి మాసన్ లేక్స్‌కి కారులో బయలుదేరాం. నేను, నా భార్య పద్మ, నిత్య, మాతోపాటు పక్కింటి నారాయణ అంకుల్, ఆంటీ. వాళ్ళు ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. అడిలైడ్‌లో ఉన్న కొడుకును చూడ్డానికి వస్తున్నారు. అంకుల్‌కు షుగర్, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు.

దారిలో తినడానికని పద్మ జంతికలు, సున్నుండలు చేసింది. సున్నుండలు నలభై. వరుసకు పదేసి చొప్పున స్టీలు డబ్బాలో నేనే సర్దాను. పంచదారతో చేసినవి కాబట్టి తెల్లగా ఉన్నాయి. ఇంట్లో అప్పుడు బెల్లం ముక్క కూడా లేదు.

సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దు దగ్గరపడుతుండగా, పండ్లూ కూరగాయలూ తీసుకెళ్ళకూడదని రోడ్డు పక్కన పెద్ద బోర్డు కనిపించింది. అంకుల్ కంగారుపడ్డారు. ఒకసారి ఫిజీ నుంచి వస్తుంటే విమానాశ్రయంలో అధికారులు ఆయన పచ్చడి సీసా తీసేసుకున్నారు.

"అంతా లాగేసుకుంటారు బాబూ. కుక్క కూడా ఉంటుంది. తినేయండి, తినేయండి."

"అంకుల్, ఇట్స్ ఓన్లీ ఫ్రూట్!" అంది నిత్య.

"నీకు తెలీదు బేటీ. నా అచార్ పోయింది. ఆ ఆఫీసర్ ఇంటికెళ్ళి అన్నంలో కలుపుకున్నాడు!"

నిత్య తప్ప అందరం ఆయన మాటే నమ్మాం. విమానాశ్రయంలో ఏదో ఒక పొట్లం పోగొట్టుకోని తెలుగు ఇల్లు మా వీధిలో లేదు.

రోడ్డు పక్క పార్కులో ఆగి, బల్ల మీద అన్నీ పరిచాం. తినగలిగినంత తిన్నాం. అంకుల్ మాత్రం తీపి ముట్టుకోలేదు. మిగిలినవన్నీ పక్క బల్ల దగ్గర కారవాన్‌తో ఆగిన కుటుంబానికి ఇచ్చేశాం. వాళ్ళ పిల్లలు సున్నుండలను ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. అవి దేంతో చేశారని తల్లి అడిగితే, మినప్పప్పును ఇంగ్లీషులో ఏమంటారో తెలియక పద్మ నవ్వి ఊరుకుంది. ఆంటీ కూడా సంబరపడి, తన సంచిలోని జెల్లీ బీన్స్ తీపి బిళ్ళల పొట్లం పిల్లల చేతిలో పెట్టేసింది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఖాళీ డబ్బాను అక్కడి కుళాయి కింద నేనే కడిగాను. నా చేతిరుమాలుతో తుడిచి, మూత బిగించి, పద్మ కాళ్ళ దగ్గర పెట్టాను.

సరిహద్దులో మమ్మల్ని ఎవరూ ఆపలేదు. గేటు లేదు, కుక్క లేదు. నిత్య కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. "ఇవాళ కుక్కకు సెలవేమో" అన్నారు అంకుల్.

వచ్చే ఊళ్ళో భోజనం చేద్దామనుకుని ఆయన ముందుగానే ఇన్సులిన్ తీసుకున్నారు. ఇంతలో రోడ్డు పనులు అడ్డొచ్చాయి. పక్కదారిలోకి తిరిగాం. అక్కడ టైరు పేలింది. ఫోన్లకు సిగ్నల్ లేదు. చుట్టూ కోసేసిన గోధుమ పొలాలు తప్ప ఏమీ లేదు.

నేను నట్లు విప్పుతుంటే ఆంటీ అరుపు వినిపించింది. అంకుల్ చొక్కా చెమటతో తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను ఇంకెవరో అనుకుని చిన్నప్పటి ఫిజీ హిందీలో ఏదో మాట్లాడుతున్నారు. ఆంటీ చెయ్యి సంచిలో వెతికి వెతికి ఆగిపోయింది. ఆయనకు షుగర్ పడిపోతే నోట్లో వెయ్యడానికే ఆ జెల్లీ బీన్స్ తెచ్చుకుంది. కారంతా గాలించాం. చక్కెర పలుకు కూడా లేదు. నిత్య పెద్దరోడ్డు వైపు పరుగెత్తింది. అప్పటికే ఆయన కళ్ళు మూతపడుతున్నాయి.

గుడ్డ తడిపి ఆయన ముఖం తుడుద్దామని, నీళ్ళు పొయ్యడానికి పద్మ డబ్బా మూత తీసింది. డబ్బాను నా వైపు వంచింది.

"ఏవండీ" అంది.

లోపల ఒక సున్నుండ ఉంది. గోధుమరంగులో ఉంది. బెల్లంతో చేసినది. నెయ్యి వాసన నాదాకా వచ్చింది.

ఆంటీ ఎవర్నీ ఏమీ అడగలేదు. దాన్ని చిదిపి, నీళ్ళతో కొంచెం కొంచెంగా ఆయన చేత మింగించింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి వణుకు తగ్గింది. కళ్ళు తెరిచి, నాలుకతో పెదవులు తడుపుకున్నారు.

"ఇది పద్మది కాదు. దీంట్లో బెల్లం ఉంది. ఇంకోటుందా?"

ఆంటీ ఆయన భుజం మీద ఒక్కటిచ్చి ఏడ్చేసింది.

తర్వాత నిత్య ఒక రైతు యూట్ ట్రక్కులో నిమ్మకాయ సోడాతో తిరిగొచ్చింది. టైరు కూడా ఆ రైతే బిగించి పెట్టాడు.

ఇంటికొచ్చాక అన్ని దారులూ వెతికాను. కారవాన్ వాళ్ళు పెట్టారా? నేను డబ్బా కడిగేసరికే వాళ్ళు లేరు. పద్మ దాచిందా? బెల్లమే లేదు. ఆంటీకి సున్నుండలు చెయ్యడం రాదు. మధ్యలో ఎక్కడైనా ఆగామా? లేదు. నేను సరిగ్గా కడగలేదా? కడిగాను. టైరు పేలినప్పుడు కూడా నా చేతిరుమాలు ఇంకా తడిగానే ఉంది.

"ఎవరో ఇచ్చారు, మనం తీసుకున్నాం" అంటుంది ఆంటీ. ఆమెకు అది చాలు. నాకు చాలదు. కానీ మొన్న సాయంత్రం మా పెరట్లో నిలబడి ఉంటే, కంచెకు అవతల అంకుల్ కూరలో ఉప్పు తక్కువైందని ఆంటీతో గొడవపడుతున్నారు. ఆమె తగ్గట్లేదు, ఈయనా తగ్గట్లేదు. ఆ సున్నుండ ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. లోపలికి వెళ్ళబుద్ధి కాక, ఆ గొడవ అయ్యేదాకా అక్కడే నిలబడి విన్నాను.